బాయిలర్ లోపల మావయ్య

ఇప్పుడు పొద్దున్నే ఒక్క కేరేజీయే కడుతున్నాను. అది మా ఆయనకి. అంతకు ముందు రెండు కట్టేదాన్ని. రెండోది మా మావయ్యకి.

మావయ్య పేరు తవిటయ్య. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లు కట్టే చోట పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైనా సరే, పొద్దున్న వర్క్‌షాపు కూత వెయ్యగానే మంచం దిగి, ఖాకీ చొక్కా తొడుక్కుని, గుమ్మంలో నిలబడి నా వైపు చెయ్యి చాపేవాడు. నేను కేరేజీ అందించేదాన్ని. కింది గిన్నెలో చోడి అంబలి, పై గిన్నెలో ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప. డ్యూటీకి వెళ్లే జనంతో కలిసి గేటు దాకా నడిచేవాడు. గేటు దగ్గరి దర్వాను ఆయన్ని ఎరిగున్నవాడే. "ఆజ్ ఛుట్టీ హై, చాచా" అనేవాడు. మావయ్య సెలవైతే సరేనని తలూపి ఇంటికి తిరిగొచ్చి, వరండాలో గోడకి ఆనుకుని ఆ అంబలి తాగేవాడు. మర్నాడు మళ్లీ అదే.

మా పక్క క్వార్టర్ సూసన్న ఇంజిన్ మీద ఫైర్‌మన్. అతను మావయ్యని చూసి, "తవిటయ్య మావ రిటైరవనేదమ్మా, రోజూ సెలవు పెడతన్నాడంతే" అనేవాడు.

అందరం నవ్వుకునేవాళ్లం. వెళ్లమని చెప్పడానికి కూత ఉంది, తిరిగి పంపడానికి దర్వాను ఉన్నాడు. మతి సరిగా లేని మనిషికి రోజు గడవడానికి అంతకంటే ఏం కావాలి.

తవిటయ్య నాకు మావగారే కాదు, మా అమ్మకి తోడబుట్టినవాడు. టెక్కలి దగ్గర మా ఊళ్లో అమ్మ పురిట్లో పోతే రైలెక్కి వచ్చి నన్ను చంకనేసుకుని తెచ్చేశాడు. "ఆడగుంటని అంత దూరం తీసుకెల్లి ఏటి సేత్తావురా" అని ఊళ్లో ముసలాళ్లు అడిగితే, "మా ఇంటిదానికి తోడుంటాది" అన్నాడట. మా అత్తయ్య అప్పలనర్సమ్మ నన్ను కన్నబిడ్డలాగే చూసింది. అప్పట్లో వాళ్లు పూరీ గేట్ వైపు ఒంటిగది క్వార్టర్‌లో ఉండేవారు. సాయంత్రం కూత అవగానే అత్తయ్య చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మం పక్కన పెట్టేది. మావయ్య వచ్చి కాళ్లు కడుక్కుని, ముందు నన్ను ఎత్తుకుని, తర్వాతే మంచినీళ్లు తాగేవాడు. ఆయన వొంటి మీద కాలిన ఇనుము వాసన వచ్చేది. నాకు తండ్రి వాసన అంటే అదే.

కాలనీలో తెలుగు బడికి నన్ను మూడో క్లాసు దాకా పంపాడు. తర్వాత అత్తయ్యకి జబ్బు చేసి వంటిల్లు నా మీద పడింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ మూడు క్లాసుల చలవే. తన కొడుకు జగ్గారావుకే నన్నిచ్చి చేశాడు. అత్తయ్య పోయాక, వర్క్‌షాపులోనే పనిచేసే మా ఆయనకి ట్రాఫిక్ సెటిల్‌మెంట్ కాలనీలో క్వార్టర్ వచ్చాక, అందరం ఇక్కడికి మారాం.

మావయ్య చేసిన పని గురించి చెప్పాలి. బాయిలర్ అంటే ఇంజిన్‌కి పొట్ట. మందమైన ఇనప రేకుల్ని ఎర్రగా కాల్చిన రివెట్లతో కుడతారు. బయట ఇద్దరు సుత్తులతో కొడుతుంటే, ఆ దెబ్బకి రివెట్టు వెనక్కి పోకుండా లోపల ఒక మనిషి బరువైన ఇనప కడ్డీతో దన్ను పట్టి ఉండాలి. మావయ్య సన్నటి మనిషి. చిన్న కంతలోంచి దూరి లోపల కూర్చునేవాడు. లోపల చీకటి, ఉక్క. ప్రతి సుత్తి దెబ్బా నెత్తిన పడ్డట్టే ఉంటుంది. ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ చెవులు పోతాయి, ఆయనకీ పోయాయి, దగ్గరగా వచ్చి గట్టిగా అంటేనే వినపడేది. లోపల ఉన్నవాడికి పొద్దు తెలీదు, బయట వాళ్లు పిలిచినా వినపడదు. పని దిగే పొడుగు కూత ఒక్కటే తెలుస్తుంది. అది చెవితో వినేది కాదట, రేకులోంచి వీపుకి తగులుతుందట. ఆ కూత తగిలాక కడ్డీ గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని, కేరేజీ పుచ్చుకుని ఇంటికి వచ్చేవాడు. ముప్ఫై ఏళ్లకి పైగా అంతే.

చైనావాడు ఆటంబాంబు పేల్చాడని మా ఆయన రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో రేడియో విని వచ్చి చెప్పినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఎక్కడో ఎడారిలో పేల్చుకున్నాడన్నారు. కానీ తర్వాతి ఏడాది పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చి, మా పక్కనున్న కలైకుండా విమానాల స్థలం మీద బాంబులు పడ్డాయి. ఆ పొద్దున నేను బియ్యం కడుగుతున్నాను. గూట్లో సత్తు గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. మావయ్య వరండాలోంచి లేచి, "బాయిలర్ పేలినాది. ఎవులున్నారో లోపల" అని కంగారుగా గేటు వైపు పోబోయాడు. పట్టుకుని ఆపడం కష్టమైంది.

అప్పట్నించి మా రోజులు మారిపోయాయి. కిటికీలకి నల్ల కాగితం అంటించమన్నారు. ఖరిదా బజారులో నల్ల కాగితం దొరక్క కొందరు పాత కాగితాలకి మసి పూసి అంటించారు. వర్క్‌షాపు కూత డ్యూటీలకి వెయ్యడం మానేశారు. ఇక అది విమానాలకే అన్నారు. ఎత్తుగా లేస్తూ పడుతూ ఏడ్చినట్టు కూస్తే ప్రమాదం, దాక్కోవాలి. ఒకే తీరుగా పొడుగ్గా కూస్తే ప్రమాదం పోయింది, బయటికి రావచ్చు.

ఊరంతా గడియారాల మీద పడింది. మావయ్యకి గడియారం తెలీదు. తెల్లారే లేచి చొక్కా సగం బొత్తాలు పెట్టుకుని కూర్చునేవాడు.

"నూకాలూ, కూసినాదా?"

"నేదు మావయ్యా."

"ఏలమ్మా, ఇంకా కూయనేదు?"

ఏం చెప్పాలి. కేరేజీ చేతికిస్తే ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు గానీ మూత తీసేవాడు కాదు. గేటు దాకా వెళ్లి రాకుండా ఆ అంబలి ఆయన గొంతు దిగేది కాదు.

మా ఆయన్ని కాలనీలో, కూత వేస్తే జనాన్ని లోపలికి పంపే వార్డెన్‌గా వేశారు. ఒక ఇనప టోపీ, ఈల, చేతికి కట్టుకునే పట్టీ ఇచ్చారు. ఆ టోపీ పెట్టుకుని వస్తే మా అమ్మాయి రత్నం కడుపు పట్టుకుని నవ్వింది. "నాన్న నెత్తి మీద మూకుడు" అంది. ఆయన నవ్వలేదు. మొదటినుంచీ ఆయన ఆ పనిని నవ్వులాటగా తీసుకోలేదు.

పాకిస్తాన్ సంగతి సరే, చైనావాడు కూడా దిగుతానని బెదిరిస్తున్నాడని, వాడి దగ్గర ఆటంబాంబు ఉంది కాబట్టి జనానికి ముందే చెప్పాలని ఒక సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌లో మీటింగు పెట్టారు. ఆడవాళ్లని కూడా రమ్మన్నారు. పైనుంచి వచ్చిన ఒక ఆఫీసరు ఇంగ్లీషులో చెబుతుంటే, రైల్వే బడి రామమూర్తి మాస్టారు మాకు తెలుగులో చెప్పారు. ఆయన తెలుగు పుస్తకంలా ఉంటుంది.

"ముందుగా గొప్ప కాంతి కానవచ్చును. దాని వంక చూడరాదు. తక్షణమే బోర్లా పరుండవలెను. పిమ్మట గాలి వచ్చును. గాలి పోయిన తరువాత కంటికి కనపడని విషపు ధూళి రాలును. అదే అన్నిటికన్న ప్రమాదము."

ఆ దుమ్ము మీద పడితే బట్టలు విప్పి పారెయ్యాలి, వొళ్లు కడుక్కోవాలి. మూతలేని నీళ్లు తాగకూడదు. ఇంట్లో అన్నిటికంటే లోపలి గదిలో, కిటికీల సందులు మూసుకుని, రెండు వారాలు బయటికి రాకుండా ఉండాలి. బయటికి రమ్మని చెప్పేదాకా ఎవరూ గుమ్మం దాటకూడదు.

మా వెనక వరసలో కూర్చున్న సూసన్న భార్య రూతు నా చెవిలో, "రెండు వారాలు మా ఆయనతో ఒక్క గదిలోనా? దానికన్నా బాంబే నయం వదినా" అంది. పక్కవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

సూసన్న లేచి అడిగాడు. "మాస్టారూ, నాను డూటీలో ఇంజిన్ మీదుంటాను. ఆ ఎలుగు కనబడితే ఇంజిన్ ఒగ్గీసి ఎక్కడ తొంగోమంతారు?"

మాస్టారు ఆ ప్రశ్నని ఆఫీసరుకి చెప్పి, ఆయన చెప్పింది విని మా వైపు తిరిగారు. "దానికి వేరుగా ఉత్తర్వులు వచ్చునట" అన్నారు.

అప్పుడు మా ఆయన నిలబడ్డాడు. ఆయన పదిమందిలో మాట్లాడే మనిషి కాదు. చేతిలో టోపీ తిప్పుకుంటూ, "బాబూ, మతి నేని ముసలోలుంటారు గదా. లోపల కూకోమంటే కూకోరు. ఆలని ఏటి సెయ్యాల?" అని అడిగాడు.

మాస్టారు అది కూడా ఇంగ్లీషులో చెప్పారు. ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషిలాగే కనిపించాడు. అద్దాలు మళ్లీ పెట్టుకుని రెండు మాటలు అన్నాడు.

"బుజ్జగించి ఉంచుకోవలెను, అంటున్నారు" అన్నారు మాస్టారు.

ఇంటికి వచ్చాక మా ఆయనకి అన్నం పెట్టాను. అన్నం ముందు కూర్చుని కలిపింది కలిపినట్టే ఉంచేశాడు.

"బావా, ఏటాలోచన?"

"నీకూ రత్నానికీ సెప్తే ఇంటారు. నాన్నని రెండు వారాలు లోపలెలాగుంచీది? రెండు గంటలుంటాడా?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో బాంబు అంటే అదే. మాకు మేం బతుకుతామా అన్న భయం కంటే, మావయ్య తలుపు తీసుకుని బయటికి పోతే ఏం చెయ్యాలన్నదే పెద్ద భయమైంది. ఆయన వెళితే మా ఆయన వెనకాల వెళ్లకుండా ఉంటాడా. మా ఆయన వెళితే నేనుంటానా.

మా ఆయన ఆదివారాలు ఇంట్లోనే ప్రాక్టీసు పెట్టాడు. లోపలి గదిలో కిటికీ మూసి, తలుపు సందుల్లో పాత చీర ముక్కలు కుక్కి, నలుగురం చాప మీద కూర్చునేవాళ్లం. మావయ్య కాసేపు బానే ఉండేవాడు. తర్వాత లేచేవాడు. "కూకో నాన్నా" అంటే కూర్చుని మళ్లీ లేచేవాడు. తలుపు లాగేవాడు. చెయ్యి పట్టుకుంటే విదిలించేవాడు.

"ఎవులు మీరు? నన్నేల పట్టుకుంతారు? డూటీకి ఎల్లాల."

ఒకసారి కొడుకుని గట్టిగా తోశాడు. మా ఆయన గోడకి తగిలి కింద కూర్చుండిపోయాడు. లేచి వెళ్లి తలుపు తానే తీసి, "ఎల్లు నాన్నా" అన్నాడు. మావయ్య వరండాలోకి పోయి మామూలుగా కూర్చున్నాడు. లోపల ఉండిపోయిన మేమే ఒకళ్ల మొహం ఒకళ్లం చూడలేకపోయాం.

రూతు వచ్చి, "గొళ్లెం బయటనుంచి బిగించీయండి. ఇంకేటి సేత్తారు" అంది.

"కన్నతండ్రిని గదిలో పెట్టి గొళ్లెం బిగించీమంతావా సెల్లీ?" అన్నాడు మా ఆయన. 

ఉపాయం ఆయనకే తోచింది. ఒక రోజు వర్క్‌షాపు నుంచి వస్తూ చేతిలో పాత ఇనప కడ్డీ ఒకటి తెచ్చాడు. పనికిరాదని పక్కన పడేసినదట, అడిగి తెచ్చాడు. ఆ ఆదివారం లోపలి గదిలోకి వెళ్లాక, దాన్ని మావయ్య చేతిలో పెట్టి, గోడకి ఆనించి, చెవి దగ్గర గట్టిగా చెప్పాడు.

"నాన్నా, బాయిలర్‌లోనున్నాం. దన్ను పట్టు. బయట కొడతన్నారు."

మావయ్య గది చుట్టూ చూశాడు. చీకటి, ఉక్క, మూసిన సందులు. అర్థమైనట్టు తలూపాడు. కాళ్లు ముడుచుకుని, వీపు ఒక గోడకి తన్నిపెట్టి, కడ్డీ ఎదటనున్న ట్రంకు పెట్టెకి ఆనించి రెండు చేతులా పట్టుకున్నాడు. మా ఆయన బయటికి వెళ్లి గోడ మీద చిన్న సుత్తితో మెల్లగా కొట్టాడు. మావయ్య కదల్లేదు. చాలాసేపు కొట్టి ఆపేసినా కదల్లేదు. రత్నం ఆయన పక్కకి జరిగి కూర్చుంటే, "జాగర్త పాపా, నిప్పు రవ్వలు పడతాయి" అని తన మోచెయ్యి దాని మొహానికి అడ్డం పెట్టాడు. ఆయన అంత తెలివిగా, అంత ప్రేమగా మాట్లాడి ఎన్నాళ్లైందో.

మా ఆయన తలుపు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. "రెండు వారాలు కాదు, నెల్లాళ్లుంటాడు నాన్న" అన్నాడు.

కాలనీలో అందరూ మెచ్చుకున్నారు. మాస్టారు కూడా వచ్చి చూసి, "ఇది పాఠంలో లేదు, జగ్గారావూ. నువ్వు కనిపెట్టావు" అన్నారు. మా ఆయన సిగ్గుపడి లోపలికి వచ్చేశాడు గానీ ఆ రాత్రి అన్నం రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. బయటికి వచ్చేటప్పుడు మేమే కడ్డీ తీసుకుని, "సాలు మావయ్యా, టీ తాగుదాం రా" అని చెయ్యి పట్టుకుని తెచ్చేవాళ్లం. ఇంట్లో చేసిన ప్రాక్టీసుల్లో కూత ఉండదు కదా. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

యుద్ధం ఆగిందన్నారు. ప్రాక్టీసులు ఆగలేదు. దీపావళి వెళ్లాక ఊరంతటికీ కలిపి ఒకటి పెట్టారు. పొద్దుగూకే వేళకి కూత వేస్తారు, దీపాలు ఆర్పాలి, ఆటంబాంబు పడ్డట్టే లోపలి గదుల్లోకి పోవాలి. ఇంజిన్ల దీపాలకి కూడా నల్ల తొడుగులు వేస్తారు. వార్డెన్లు వీధుల్లో ఉండాలి. మా ఆయన టోపీ పెట్టుకుని వెళుతూ తండ్రి చేతికి కడ్డీ ఇచ్చి, "దన్ను పట్టు నాన్నా, నానొచ్చీదాకా" అని చెప్పి వెళ్లాడు. సూసన్న డ్యూటీలో ఉన్నాడని రూతు కూడా మా గదిలోకే వచ్చింది.

కూత లేచింది. పడింది, లేచింది. వినడానికి ఎవరో ఆడమనిషి ఏడుస్తున్నట్టే ఉంటుంది. రత్నం నా ఒళ్లో ముడుచుకుంది. మావయ్యకి ఆ కూత పట్టలేదు. అది ఆయన ఎరిగిన కూత కాదు. కడ్డీ పట్టుకుని, పెదవులు బిగించి, చీకట్లో ఎదటికి చూస్తున్నాడు. పొద్దున కట్టి ఇచ్చిన కేరేజీ ఆయన తొడ పక్కనే ఉంది. ఆ రోజుల్లో దాన్ని వదిలేవాడు కాదు.

"అంతా సచ్చిపోనాక మనం బయటికొచ్చి ఏటి సేత్తాం వదినా?" అంది రూతు చీకట్లో.

"ఊరుకో, గుంట ఇంతాది" అన్నాను.

చాలాసేపయ్యాక రెండో కూత వేశారు. ఒకే తీరుగా, పొడుగ్గా. వీధిలో ఒక్కసారి మనుషుల గొంతులు వినపడ్డాయి. రూతు తలుపు తీసింది. ఆ ఉక్కకి రత్నానికి కళ్లు తిరిగి వాంతి వచ్చింది. దాన్ని ఎత్తుకుని పెరట్లో కుళాయి దగ్గరికి పరిగెత్తాను. మొహం కడిగి, నీళ్లు పట్టి లోపలికి వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. ఇనప కడ్డీ గోడకి జాగ్రత్తగా ఆనించి ఉంది. చేతులు తుడుచుకున్న గుడ్డ మడత పెట్టి దాని మీద వేసి ఉంది. కేరేజీ లేదు.

రూతు తన ఇంట్లో దీపం వెలిగించుకోవడానికి వెళ్లింది. వీధిలో అందరూ ఒకళ్లనొకళ్లు పలకరించుకుంటున్నారు, పిల్లలు అరుస్తున్నారు. ఆయన ఆ జనంలోంచే నడిచి వెళ్లాడు. చూసినవాళ్లున్నారు. ఖాకీ చొక్కా, చేతిలో కేరేజీ. రోజూ చూసే మనిషే కదా అనుకున్నారు.

మా ఆయన కబురు తెలియగానే తిన్నగా వర్క్‌షాపు గేటుకి పరిగెత్తాడు. వీధిలో ఎవరికి తెలిసినా ఆ దారే తెలుసు. దర్వాను, "నహీ ఆయా, దాదా. ఆజ్ నహీ ఆయా" అన్నాడట. మావయ్య అటు రానేలేదు. గేటు దగ్గర నుంచి ఇంటికీ, ఇంటి దగ్గర నుంచి గేటుకీ తిరిగారు. ఖరిదా వైపు ఇద్దరు వెళ్లారు. నేను వరండాలో నిలబడి ఉన్నాను. ఆయన తిరిగి రావాలంటే ఆ వరండాకే వస్తాడని నాకు అంత నమ్మకం.

డ్యూటీ దిగి సూసన్న వచ్చాడు. మసి మొహంతో మా గుమ్మం ముందు ఆగాడు. ఎప్పుడూ దూరం నుంచే పిలిచే మనిషి, దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"జగ్గారావు బాబూ, ఒకసారిలగ రా."

పూరీ గేట్ వైపు పోయే పట్టాల మీద, వెనక్కి నడుస్తున్న షంటింగ్ ఇంజిన్ మావయ్యకి తగిలిందట. దీపానికి తొడుగు ఉంది. ఈల వేశామని వాళ్లు అన్నారు, వేసే ఉంటారు. ఆయనకి వినపడదు. ఎవర్నీ అనడానికి లేదు. కేరేజీ పట్టాల పక్కన మూత ఊడకుండా దొరికింది.

తెచ్చి వరండాలో పడుకోబెట్టాక మా ఆయన ఆ కాళ్ల దగ్గర కూర్చుని ఒకటే మాట అంటున్నాడు.

"నాన్న వర్క్‌షాపుకి గదా ఎల్తాడు. అటేల ఎల్నాడు? అటేటుంది?"

 నాకు చెప్పక తప్పలేదు.

"డూటీ దిగినాడు బావా. ఇంటికెల్నాడు."

ఆయన నా వైపు చూశాడు. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. లోపల బాయిలర్ అని మేమే చెప్పాం. పొడుగు కూత వేసినవాళ్లు, ఇక భయం లేదని వేశారు. మావయ్య వీపుకి అది పని దిగే కూతే అయి తగిలింది. పని దిగినవాడు ఇంటికి వెళ్లాలి. ఆయన ఇల్లు పూరీ గేట్ దగ్గర, గుమ్మం పక్కన చెంబుతో నీళ్లు పెట్టి ఉండే ఒంటిగది. అక్కడ ఇప్పుడు ఎవరో బెంగాలీ వాళ్లు ఉంటున్నారు.

మా ఆయన టోపీ తీసి నేల మీద పెట్టాడు. ఏడవలేదు. తెల్లారేదాకా తండ్రి అరచేతుల్లో ఉన్న పాత కాలిన మచ్చలని బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు.

కర్మ అయిపోయాక రామమూర్తి మాస్టారు వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "మేము చెప్పినది అంతా లోపల ఎట్లుండవలెననియే, తల్లీ. బయటికి వచ్చువాని గురించి చెప్పలేదు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కూడా మామూలు మనిషి గొంతులాగే ఉంది.  ఆయన మాత్రం ఏం చేయగలరు. ఎక్కడో ఎవరో చేసే బాంబు, ఇంకెవరో చెప్పే జాగ్రత్త. మధ్యలో మాస్టారు ఒక మాటని ఇంకో మాటగా మార్చి చెప్పేవారు, అంతే.

చలికాలంలో కూత మళ్లీ డ్యూటీలకి వెయ్యడం మొదలుపెట్టారు. మా లైనులో అందరూ సంబరపడ్డారు. ఆ పొద్దున రూతు నా దగ్గరికి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. నేను కడుతున్న కేరేజీ చేతిలోంచి తీసుకుని తానే కట్టింది. 

మా ఆయన వార్డెన్ పని మానేస్తాడనుకున్నాను. మానలేదు. ఇంకా పట్టుగా చేశాడు. లైనులో ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారో, ఎవరికి చెవులు వినపడవో తెలుసుకుని, రెండో కూత అయ్యాక ఒక మనిషి వాళ్ల చెయ్యి పట్టుకోవాలని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. కొందరు విన్నారు. కొందరు, "యుద్ధమే నేదు గదా జగ్గారావూ, ఇంకా ఏటి ప్రాక్టీసు" అని తలుపు వేసుకున్నారు.

ఈ ఎండాకాలం చైనావాడు ఇంకో బాంబు పేల్చాడట. హైడ్రోజన్ బాంబు అంటున్నారు. ముందుదానికంటే ఎన్నో రెట్లు పెద్దదట. దాని ముందు మా లోపలి గది ఆగుతుందా అంటే ఎవరూ చెప్పరు. మా ఆయన మాత్రం రెండు డ్రమ్ములు తెచ్చాడు. వాటిని సోడాతో ఎన్నిసార్లో కడిగాడు, వాసన చూశాడు, మళ్లీ కడిగాడు. మూతలకి రబ్బరు వేశాడు. లోపలి గదిలో గోడ వారగా నిలబెట్టాడు.

ఈ రోజు పొద్దున డ్యూటీకి వెళ్లబోతూ చెప్పాడు.

"నూకాలూ, కుళాయి రాగానే రెండూ నింపీ. ముగ్గురికీ రెండు వారాలకి సరిపోతాది."

"రెండు వారాలయ్యాక?"

"అయ్యాక కూత ఏత్తారు. బయటికొత్తాం."

అనేసి తానే ఆగిపోయాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని నా చేతిలో కేరేజీ అందుకున్నాడు. తర్వాత వెళ్లిపోయాడు.

కుళాయి వచ్చింది. మొదటి డ్రమ్ము నింపాను. బిందె తరవాత బిందె మోసి, అంచు దాకా నింపి, మూత పెట్టాను. మా ఆయన ప్రాణం అందులో పెట్టుకున్నాడని నాకు తెలుసు. రత్నం బతకాలని నాకూ ఉంది. రెండో డ్రమ్ము దగ్గరికి బిందెతో వెళ్లి లోపలికి చూశాను. చీకటిగా, గుండ్రంగా, ఇనుము వాసనతో ఉంది. బిందె వంచలేకపోయాను. ఆ నీళ్లు తెచ్చి పెరట్లో వంగమొక్కలకి పోశాను. డ్రమ్ము బోర్లించి వచ్చాను.

సాయంత్రం ఆయన వచ్చి చూస్తాడు. చూడనీ. ఏమీ అడగడు.

"వదినా, నీళ్లు ఎల్పోతన్నాయి. ఇంకో రెండు బిందెలు పట్టుకోవా?" అని రూతు కుళాయి దగ్గర నుంచి కేకేసింది.

"సాలు. నువ్వు పట్టుకో" అని నా బిందె పక్కకి తీసేశాను.